గొట్టం లోపలి గోడ

2010 నవంబరు 4, గురువారం. మర్నాడే దీపావళి. సింగపూర్‌లో లిటిల్ ఇండియా వీధులు పండగ దీపాలతో ఉన్నాయి. అదే ఊళ్లోని చాంగి విమానాశ్రయం నుంచి ఉదయం 9.57కి క్వాంటస్ 32 గాల్లోకి లేచింది. క్వాంటస్ సంస్థది, సిడ్నీ వెళ్లాల్సిన విమానం. రెండంతస్తుల ఎయిర్‌బస్ ఏ380. ఆస్ట్రేలియా తొలితరం మహిళా పైలట్ నాన్సీ బర్డ్ వాల్టన్ పేరు దానికి పెట్టారు. లోపల 440 మంది ప్రయాణికులు, 29 మంది సిబ్బంది ఉన్నారు.

చక్రాలు లోపలికి వెళ్లాయి. రెక్కల ఫ్లాప్‌లు ముడుచుకున్నాయి. సీటు బెల్టు గుర్తు ఎప్పుడు ఆరుతుందా అని జనం చూస్తున్నారు. విమానం 7,000 అడుగులు దాటుతోంది. కింద ఇండోనేషియాకు చెందిన బాతమ్ దీవి. గడియారం 10.01 చూపిస్తోంది.

ధన్. ఆ వెంటనే మళ్లీ ధన్.

రెండు చప్పుళ్ల మధ్య ఊపిరి తీసుకునేంత వ్యవధి కూడా లేదు. ఎడమ రెక్క కింద, విమానం ఒంటికి దగ్గరగా ఉన్న రెండో ఇంజిన్ లోపల తిరుగుతున్న బరువైన టర్బైన్ చక్రం ముక్కలైంది. ఆ ముక్కలు ఇంజిన్ తొడుగును చీల్చుకుని బయటపడ్డాయి. కొన్ని రెక్కకు తూట్లు పొడిచాయి. ఇంధనం ట్యాంకుకు చిల్లులు పడ్డాయి. రెక్క లోపల పరుచుకున్న వైర్లు కట్టలకు కట్టలు తెగాయి. ఇంకొన్ని ముక్కలు బాతమ్ మీద పడ్డాయి. కింద ఉన్నవాళ్లలో ఎవరికీ ఏమీ కాలేదు. అంత లోహం ఆకాశం నుంచి రాలితే ఒక్కరికీ గాయం కాకపోవడం ఆ రోజు జరిగిన మంచి విషయాల్లో మొదటిది.

కాక్‌పిట్‌లో ఆ పూట ఐదుగురు పైలట్లున్నారు. మామూలుగా అంతమంది ఉండరు. కెప్టెన్ రిచర్డ్ డి క్రెస్పినీకి అది వార్షిక పరీక్ష. పరీక్షించడానికి ఒకరు, ఆ పరీక్షించేవారికి శిక్షణ ఇవ్వడానికి మరొకరు వచ్చారు. తెర మీద హెచ్చరికలు మొదలయ్యాయి. ఒకటి చదివి, చెప్పిన పని చేసి, దాన్ని తుడిచేసేలోగా కింద నుంచి మరొకటి పైకి వస్తోంది. హైడ్రాలిక్స్, ఇంధనం, బ్రేకులు, ఇంజిన్ నియంత్రణ, దేన్ని ముట్టుకున్నా ఏదో ఒకటి చెడింది. ఒక దశలో కెప్టెన్ తన ఆలోచనను తిరగేశారు. ఏవేవి పోయాయో లెక్కపెట్టడం మానేసి, ఇంకా ఏవేవి పనిచేస్తున్నాయో చూసుకుంటూ, మిగిలినవాటితో విమానాన్ని దించగలమా అని ఆలోచించారు.

ఏం జరిగిందో చూసి రమ్మని ఒక పైలట్‌ను క్యాబిన్‌లోకి పంపారు. అక్కడ ప్రయాణికుల్లో క్వాంటస్‌కే చెందిన మరో పైలట్ ఉన్నారు. ఆయన సీటు ముందున్న టీవీ తెరను చూపించారు. ఏ380 తోక మీద కెమెరా ఉంటుంది. ప్రయాణికుల వినోదానికి ఇచ్చిన ఆ దృశ్యంలోనే, రెక్క వెనక నుంచి ద్రవం ధారగా గాల్లోకి పోతోంది.

హెచ్చరికలన్నీ ఒక కొలిక్కి తేవడానికి దాదాపు 50 నిమిషాలు పట్టింది. విమానం సింగపూర్ దగ్గరే సముద్రం మీద చక్కర్లు కొట్టింది. దిగడానికి అనుమతించిన బరువు కన్నా చాలా ఎక్కువ బరువుతో, బ్రేకులు సగం సగంగా, 4,000 మీటర్ల రన్‌వే మీద 11.46కి దిగింది. చివర ఇంకో 150 మీటర్లు మిగిలి ఉండగా ఆగింది.

ఆగింది గానీ గండం గడవలేదు. ఎడమ వైపు బ్రేకులు 900 డిగ్రీల వేడి చూపిస్తున్నాయి. వాటి పక్కనే రెక్క నుంచి ఇంధనం కారుతోంది. ఎడమ చివరనున్న ఒకటో ఇంజిన్ ఆర్పినా ఆరట్లేదు. దాన్ని ఆపమని చెప్పాల్సిన వైర్లు తెగిపోయాయి మరి. అగ్నిమాపక సిబ్బంది నీళ్లు, నురగ కొడుతున్నారు. అత్యవసర జారుడుబల్లలు తెరిస్తే జనం నేరుగా ఇంధనం మడుగులోకి, తిరుగుతున్న ఇంజిన్ దగ్గరికి దిగుతారు. అందుకని అందర్నీ లోపలే కూర్చోబెట్టారు. తర్వాత కుడివైపు ఒక్క తలుపుకు మెట్లు వేసి దించారు. ఆ మొండి ఇంజిన్ ఆగేసరికి విమానం దిగి రెండు గంటలు దాటింది. 469 మందిలో ఒక్కరికీ చిన్న గాయం లేదు.

పైలట్ల నైపుణ్యం గురించి అప్పుడే ఎన్నో రాశారు, అందులో ప్రతి మాటకూ వాళ్లు అర్హులు. నన్ను పట్టుకున్నది మాత్రం ఆ చప్పుడుకు ముందు కథ. అది ఆకాశంలో మొదలవలేదు. ఇంగ్లండులో నాటింగ్‌హామ్‌షైర్ జిల్లాలో, హక్‌నల్ అనే ఊళ్లో, ఆ ఇంజిన్ తయారుచేసిన రోల్స్ రాయిస్ వాళ్ల ఒక షెడ్డులో, ఒక మెషీన్ మీద మొదలైంది.

ఆస్ట్రేలియా రవాణా భద్రతా సంస్థ దర్యాప్తు చేపట్టింది. పగిలిన చక్రం ముక్కల ఫొటో చూపించి, ఇలాంటిది దొరికితే ఇవ్వండని బాతమ్ జనాన్ని అడిగింది. ఇంజిన్ పేరు ట్రెంట్ 900. దాన్ని విప్పుకుంటూ పోతే, నడిమధ్యన బేరింగులుండే హబ్ అనే భాగం దగ్గర ఒక చిన్న గొట్టం తేలింది. బేరింగులకు నూనె చేరవేయడం దాని పని. చూడ్డానికి ఏమంత గొప్పగా ఉండదు. అందులో పగులు ఉంది. ఒక్క దెబ్బకు విరిగిన పగులు కాదు. ఇంజిన్ తిరిగిన ప్రతిసారీ కాస్త కాస్త పెరుగుతూ వచ్చిన పగులు. లోహం అలసిపోయి చీలిన జాడ.

ఆ చీలిక నుంచి నూనె తుంపరగా బయటికొచ్చింది. అక్కడ నూనె తనంతట తానే అంటుకునేంత వేడి. మంట లేచింది. ఆ మంట టర్బైన్ చక్రాన్ని పట్టి ఉంచే భాగాన్ని మెత్తబరిచింది. చక్రం విడిపోయింది. వెనక నుంచి వేడి వాయువు తోస్తూనే ఉంది, చక్రం మీద ఇప్పుడు ఏ బరువూ లేదు. వేగం హద్దు దాటి, పగిలింది.

అసలు ఆ గొట్టం ఎందుకు చీలింది? దాని మూతి లోపల ఒక చిన్న ఫిల్టర్ కూర్చోవాలి. దానికి చోటు కోసం గొట్టం లోపలి రంధ్రాన్ని మూతి దగ్గర కొంత లోతు వరకు వెడల్పు చేస్తారు. మెషీన్ షాపులో దీన్ని కౌంటర్‌బోర్ అంటారు. గొట్టం రంధ్రానికి, ఈ వెడల్పు రంధ్రానికి కేంద్రం ఒకటే అయితే చుట్టూ గోడ ఒకే మందంలో మిగులుతుంది. కేంద్రం పక్కకు జరిగితే, చిల్లు నడిమికి పడని గారె తీరే. ఒక పక్క మందం, ఒక పక్క పల్చన. ఆ ఇంజిన్‌లో జరిగింది అదే. పల్చబడిన పక్కనే పగులు పుట్టింది.

ఇక్కడే నేను ఎక్కువసేపు ఆగాను. ప్రపంచంలో పేరున్న కంపెనీ, మైక్రాన్లలో కొలిచే యంత్రాలున్న చోటు. పక్కకు జరిగిన రంధ్రం ఎలా దాటిపోయింది?

డిజైన్ డ్రాయింగ్‌లో, కౌంటర్‌బోర్ కేంద్రం ఎక్కడుండాలో చెప్పడానికి ఒక ఆధారం ఇచ్చారు. గొట్టాన్ని బిగించే రంధ్రమే ఆ ఆధారం. మెషీన్ పనివాళ్లు దాన్ని డేటమ్ అంటారు. ఏ కొలతైనా ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో చెప్పేది డేటమే. చిక్కేమిటంటే, గొట్టం అందులో బిగించాక ఆ రంధ్రం మూసుకుపోతుంది. మెషీన్ పనిముట్టు గానీ, కొలిచే యంత్రం సూది గానీ అక్కడికి చేరవు. అందుకని తయారీ డ్రాయింగ్‌లో ఇంకో డేటమ్ పెట్టుకున్నారు. హబ్ లోపలి వైపు అందుబాటులో ఉన్న మరో రంధ్రం. ఆ రెండూ ఒకే వరసలో ఉంటాయన్న నమ్మకంతో పని సాగింది. కానీ తయారీ దశల్లో హబ్ కొద్దిగా కదిలేది. రెండు రంధ్రాలూ వరస తప్పేవి. కౌంటర్‌బోర్ రెండో రంధ్రం ప్రకారం సరిగ్గానే పడేది. గొట్టం ప్రకారం పక్కకు పోయేది. కొలిచే యంత్రం కూడా ఆ రెండో రంధ్రం నుంచే కొలిచి, బాగుంది అని చెప్పేది.

అంటే ఎవరూ కొలవకుండా వదిలేయలేదు. అందిన చోటు కొలిచారు. గోడ ఉన్నది అందని చోట.

దర్యాప్తు నివేదిక ఇంకో మాట కూడా రాసింది. చిన్నచిన్న తేడాలని తాము అనుకున్నవాటిని పైకి చెప్పకుండా సర్దుకుపోవడం ఆ ఫ్యాక్టరీలో అలవాటైపోయిందట. ప్రమాదానికి ముందే కొన్ని హబ్‌లలో ఈ రంధ్రాలు పక్కకు జరిగినట్టు కంపెనీ దృష్టికి వచ్చింది. అప్పటికే ఇంజిన్లలోకి వెళ్లిపోయినవాటిని విప్పకుండా, దొరికిన కొన్నింటిని కొలిచి, గణాంకాలతో మిగతావాటిని అంచనా వేశారు. ఆ అంచనా అసలు తేడా కన్నా తక్కువ చూపింది. కాగితం మీద అంతా సర్దుకుంది. నాకు కోపం వచ్చేది ఇక్కడే. రంధ్రం పక్కకు పోవడం మెషీన్ మీద జరిగే పని, ఎక్కడైనా జరుగుతుంది. తెలిసిన తేడాను చెప్పకపోవడం మనిషి చేసే పని.

ప్రమాదం జరిగిన రోజే క్వాంటస్ తన ఏ380లన్నిటినీ నేల మీద ఆపేసింది. నవంబరు 27న మళ్లీ మొదలుపెట్టింది. డిసెంబరు మొదట్లో దర్యాప్తు సంస్థ హెచ్చరిక ఇవ్వడంతో ఆ రకం ఇంజిన్లలో గొట్టాల కౌంటర్‌బోర్ వరసను తనిఖీ చేశారు. కొలత తప్పినవాటిని తీసేశారు. చక్రం వేగం హద్దు దాటబోతే ఇంజిన్‌ను ఆపేసే ఏర్పాటును సాఫ్ట్‌వేర్‌లో చేర్చారు. క్వాంటస్‌కు రోల్స్ రాయిస్ 9.5 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లు చెల్లించింది. తుది నివేదిక 2013 జూన్ 27న వచ్చింది.

ఇక ఆ అందని చోటు సంగతి. సూది వెళ్లని చోటు, మైక్రోమీటర్ దవడలు దిగని గాడి, లోపల వెడల్పయి మూతి దగ్గర ఇరుకైన రంధ్రం. ఇవి విమానాల్లోనే ఉండవు. హైదరాబాద్‌లోని బాలానగర్‌లో, కుషాయిగూడలో, జీడిమెట్లలో ఏ టూల్‌రూమ్‌కు వెళ్లినా ఈ మాటలు వినిపిస్తాయి.

"అన్నా, గేజ్ లోపలికి పోతలేదు."

"ఎట్ల పోతదిరా, గాడి లోపలుంది గదా. అచ్చు తీద్దాం పట్టు."

అచ్చు తీయడమంటే ఖాళీని గట్టి వస్తువుగా మార్చి బయటికి తీయడం. కొలవాల్సింది రంధ్రమైతే, ఆ రంధ్రం ఆకారమే చేతికొస్తుంది. ఈ ఆలోచన చాలా పాతది. ఐదు వందల ఏళ్ల కిందట లియొనార్డో డావిన్చీ ఎద్దు మెదడులోని ఖాళీ గదుల ఆకారం తెలుసుకోవడానికి వాటిలో కరిగిన మైనం పోశాడు. అది గట్టిపడ్డాక చుట్టూ ఉన్న మెదడు కణజాలాన్ని తొలగించాడు. ఖాళీ కళ్లముందు నిలబడింది. తర్వాతి కాలంలో ఫిరంగి గొట్టాల లోపలి అరుగుదల చూడ్డానికి గట్టాపర్చా అనే చెట్టు పాలతో చేసిన పదార్థాన్ని మెత్తగా చేసి లోపల అద్దేవారు. రూట్ కెనాల్ చేయించుకున్నవాళ్ల పళ్లలో నేటికీ డాక్టర్లు నింపేది ఆ గట్టాపర్చానే. తుపాకుల పనివాళ్లు కరిగించిన గంధకం పోసి తూటా గది అచ్చు తీశారు. ఆపైన సెరోసేఫ్ అనే మిశ్రమ లోహం వచ్చింది. బిస్మత్, సీసం, తగరం, కాడ్మియం కలిసిన లోహం. 71 డిగ్రీల దగ్గర మెత్తబడి 88కల్లా పూర్తిగా కరుగుతుంది. మరిగే నీళ్ల వేడి చాలు. పోశాక మొదటి అరగంట కొద్దిగా కుంచించుకుంటుంది, అందుకే బయటికి సులువుగా వస్తుంది. గంట గడిచేసరికి తిరిగి అసలు కొలతకు వస్తుంది. ఆ తర్వాత రోజుల తరబడి నెమ్మదిగా ఉబ్బుతుంది. కాబట్టి ఎప్పుడు కొలిచామన్నది, ఎంత కొలిచామన్నంత ముఖ్యం. సీసం, కాడ్మియం ఉన్నాయి కనుక దాన్ని నేరుగా మంట మీద కాల్చకూడదు.

ఇవాళ ఎక్కువ వాడేది రెండు గుజ్జులు కలిసే సిలికోన్. పళ్ల డాక్టరు కొలత తీయడానికి నోట్లో పెట్టే పదార్థానికి ఇది దగ్గరి చుట్టం. తుపాకీ ఆకారంలో ఉన్న పిచికారీకి జంట గొట్టాల కార్ట్రిడ్జ్ ఎక్కిస్తారు. మొనలో లోపల మెలికలున్న సన్నని నాళం ఉంటుంది, అందులోంచి వస్తూ రెండు గుజ్జులూ కలిసిపోతాయి.

పని మొదలుపెట్టే ముందు జాబ్‌ను, అంటే మెషీన్ మీద తయారైన వస్తువును, శుభ్రంగా తుడవాలి. కూలెంట్ చుక్క, నూనె పొర, చిన్న ఇనుప రజను, ఏది ఉన్నా అచ్చు దాన్నీ నకలు తీస్తుంది. మొనను రంధ్రం అడుగుదాకా దించి, అడుగు నుంచి నింపుకుంటూ పైకి రావాలి. పై నుంచి పోస్తే గాలి చిక్కుకుని బుడగ ఏర్పడుతుంది. బుడగ సరిగ్గా గాడి మూల మీదే పడిందంటే ఆ అచ్చు పనికిరాదు. గట్టిపడటానికి కొన్ని నిమిషాలు చాలు. మిగిలిన గుజ్జును బల్ల మీద చిన్న ముద్దగా వదిలి గోటితో నొక్కి చూస్తారు, లోపలిది గట్టిపడిందో లేదో ఆ ముద్ద చెబుతుంది. తర్వాత పట్టుకుని లాగాలి. అడుగు మూసుకున్న రంధ్రమైతే అచ్చు వెనక గాలి లేక వెనక్కి లాగుతుంది. ఒక అంచున కాస్త గాలి చొరబడనిచ్చి, మెల్లగా మెలి తిప్పుతూ తీస్తారు. మెత్తని సిలికోన్ ఇరుకు మూతిలోంచి నలుగుతూ బయటికొచ్చి, మళ్లీ తన ఆకారానికి విచ్చుకుంటుంది. పక్కకు తిప్పి వెలుగులో పట్టుకుంటే టర్నింగ్ టూల్ వదిలిన సన్నని గీతలు కూడా దాని మీద ఉంటాయి.

దీన్ని మైక్రోమీటర్‌తో పట్టుకోకూడదు. మెత్తగా ఉంటుంది, దవడలు నొక్కితే కొలత పోతుంది. కొత్త బ్లేడుతో ఒక్క కోతలో పలచని ముక్క కోసి, ప్రొఫైల్ ప్రొజెక్టర్ అద్దం మీద పెడతారు. కింద నుంచి వెలుగు. తెర మీద ఇరవై రెట్లు, యాభై రెట్లు పెద్దదైన నీడ. బల్లను చక్రాలతో జరుపుతూ తెర మీది గీతకు నీడ అంచును ఆనించి అంకెలు చదువుతారు. సిలికోన్ గట్టిపడుతూ రవ్వంత కుంచించుకుంటుంది కదా, ఆ రవ్వంత ఎంతో తెలియాలి. అందుకని జాగ్రత్తగా పనిచేసేవాళ్లు తెలిసిన కొలత ఉన్న రింగ్ గేజ్‌లోనూ అదే కార్ట్రిడ్జ్‌తో, అదే గదిలో ఇంకో అచ్చు తీస్తారు. దానికీ రింగ్‌కీ ఉన్న తేడాను లెక్కలో కలుపుతారు. గది 20 డిగ్రీల దగ్గర ఉండటం మంచిది. ప్రపంచమంతా కొలతలకు ఒప్పుకున్న ఉష్ణోగ్రత అది.

ఇప్పుడు నూనె గొట్టం మూతిలోకి వద్దాం. అలాంటి మూతిలో అచ్చు తీస్తే ఏం వస్తుంది? ఒకే కడ్డీ మీద రెండు మందాలు. సన్నని భాగం గొట్టం రంధ్రానిది, లావు భాగం కౌంటర్‌బోర్‌ది. రెండూ కలిసే చోట చిన్న మెట్టు. కేంద్రం కుదిరితే ఆ మెట్టు చుట్టూ సమానం. కుదరకపోతే ఒక పక్క వెడల్పు, ఎదుటి పక్క ఇరుకు. ఇది చూడ్డానికి హబ్ లోపలి రంధ్రం అక్కర్లేదు, కనిపించని డేటమ్ అక్కర్లేదు. గొట్టాన్ని గొట్టంతోనే పోల్చి చూస్తున్నాం. మెట్టు వెడల్పయిన వైపే గోడ పల్చన. గొట్టం బయటి చుట్టుకూ లోపలి చుట్టుకూ కేంద్రం ఒకటేనని ముందే తేల్చుకుని ఉంటే, మిగిలిన గోడ మందం కూడికా తీసివేతలతో వచ్చేస్తుంది.

నూనె దారిలో ఈ పని చేసేటప్పుడు భయమూ ఉంది. అచ్చు తెగి చిన్న పొర లోపల మిగిలితే, అది రేపు ఎక్కడో ఒక సన్నని రంధ్రాన్ని మూసేస్తుంది. బేరింగు ఎండిపోతుంది. బయటికొచ్చిన అచ్చు ముక్క చెక్కుచెదరకుండా ఉందో లేదో భూతద్దంతో చూసి, గొట్టంలోకి కెమెరా పంపి, ఖాళీగా ఉందని రాసుకునేదాకా పని అయిపోయినట్టు కాదు.

ఇప్పుడు హైదరాబాద్ పక్కన ఆదిభట్లలో విమాన ఇంజిన్ల భాగాలు తయారవుతున్నాయి. మన పిల్లలు ఐటీఐ నుంచి, డిప్లొమా నుంచి నేరుగా ఆ మెషీన్ల ముందుకు వెళ్తున్నారు. వాళ్ల చేతికిచ్చే డ్రాయింగుల మీద డేటమ్‌లకు అక్షరాలుంటాయి. ఏ అక్షరం దగ్గరి నుంచి కొలవమన్నారో, మనం నిజంగా ఎక్కడి నుంచి కొలుస్తున్నామో పక్కపక్కన పెట్టి చూసుకోవడం మొదటి రోజు నేర్పాల్సిన పాఠమని నా నమ్మకం. రెండూ వేరైతే, ఎందుకు వేరయ్యాయో ఆ డ్రాయింగ్ గీసినవారిని అడగాలి. అడగడానికి జూనియర్, సీనియర్ తేడా ఉండకూడదు.

ప్రొజెక్టర్ తెర మీద మెట్టు ఒక పక్క వెడల్పుగా, ఒక పక్క ఇరుగ్గా కనిపించిందనుకుందాం. తేడా ఎంతో రాస్తారు. కోసిన ముక్కనూ, మిగిలిన అచ్చునూ కవర్లో వేసి జాబ్ నంబరు రాస్తారు. జాబ్‌కు ఎర్ర ట్యాగ్ కట్టి, మంచివాటి వరసలోంచి తీసి తాళం ఉన్న అలమరలో పెడతారు. ఆ కవరు, ఆ అంకెలు సాయంత్రంలోగా డిజైన్ వాళ్ల బల్ల మీదికి వెళ్తాయి. అదే మెషీన్ మీద, అదే వారంలో అయిన మిగతా జాబ్‌లన్నిటికీ వరసగా అచ్చు తీయడం మొదలవుతుంది.